రోటా వైరసు - ప్రేగుల ఆత్మరక్షణ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల తల్లులకు పసిబిడ్డల వాంతులు, విరేచనములు క్రొత్త కావు. వీనికి ముఖ్యకారణములలో ఒకటి రోటా వైరసు. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్, ఆమె సహచరులు దీనిని గుర్తించిరి. చక్రమును పోలియుండుటచే ఆ పేరు వచ్చినది.

మన చిన్నప్రేగు లోపలి గోడపై వ్రేళ్ళవంటి ఆంత్రచూషకములు కలవు. వైరసు వాని కొనలందలి కణములలో చొరబడి, తనవంటి వైరసులను పుట్టించి, కణములను నశింపజేయును. ఆహారమును, నీటిని పీల్చుకొను శక్తి సన్నగిల్లును. వైరసు పుట్టించు ఒక మాంసకృత్తు దేహమందలి నీటిని ప్రేగులోనికి వెడలించును. బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చునది ఈ నీటి నష్టమే.

దేహము ఊరకుండదు. సోకిన కణములు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థముతో ఇరుగుపొరుగు కణములను హెచ్చరించును. పిదప ప్రేగులలో ప్రతిరక్షకములు పుట్టి, మరుసటి దాడిని ఎదుర్కొనును.

ఈ జ్ఞాపకశక్తియే టీకాకు పునాది. 1980ల దశకమున ఢిల్లీలో కొందరు నవజాత శిశువులకు ఈ వైరసు సోకియు వ్యాధి కలుగలేదు. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ దాని విలువను గ్రహించిరి. ఆ వైరసు నుండియే హైదరాబాదులోని భారత్ బయోటెక్ రోటావాక్‌ను తయారుచేసినది. అది 2015లో విడుదలైనది. రోటా టీకా ప్రభుత్వ కార్యక్రమమున 2016లో ఆంధ్రప్రదేశ్‌కు, 2019లో తెలంగాణకు వచ్చినది. 6, 10, 14 వారముల వయస్సున నోటి ద్వారా ఇత్తురు.

టీకా ఉన్నను విరేచనములన్నియు ఆగవు; అపుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణమే ప్రాణాధారము. విద్యార్థులారా! ఈ రెండు మాటలను మీ ఇంటి తల్లులకు చేర్చుడని మేము కోరుచున్నాము.