శవాసనం ఎగ్గొట్టకండి

ప్రశ్న: నేను టీచర్‌ని. వయసు 48. బీపీ ఉంది. యోగా క్లాసులో చివర శవాసనం వేయిస్తారు. ఇంటి పనులు గుర్తొచ్చి, అది వేయకుండానే వచ్చేస్తున్నాను. ఊరికే పడుకుంటే ఏం ఉపయోగం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలా ఉపయోగం ఉందమ్మా. శవాసనం అలసట తీర్చి మనసుకు విశ్రాంతినిస్తుందని హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం ఏనాడో చెప్పింది. 1969లో ముంబయి వైద్యుడు కె.కె. దాతే, ఆయన సహచరులు బీపీ ఉన్నవారి చేత శవాసనం సాధన చేయించారు. చాలామందికి బీపీ తగ్గిందని వైద్య పత్రికలో రాశారు.

కంగారుగా ఉంటే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, రక్తనాళాలు కుంచించుకుంటాయి. ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘంగా వదిలితే వేగస్ నాడి పని పుంజుకుని గుండె నెమ్మదిస్తుంది. కండరాలు వదులైతే మనసూ తేరుకుంటుంది.

వెల్లకిలా పడుకుని కాళ్లు కాస్త ఎడంగా, అరచేతులు పైకి ఉంచండి. పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో భాగాన్నే వదులు చేస్తూ రండి. దవడనూ భుజాలనూ మరవకండి, బిగువంతా అక్కడే పేరుకుంటుంది. పనులు గుర్తొస్తే విసుక్కోకుండా మళ్లీ శ్వాసను గమనించండి. పది నిమిషాలు చాలు. తర్వాత పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని లేవండి. బీపీ మాత్ర వాడేవారు చటుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు.

మన ఇళ్లలో ఆడవాళ్లు పగటిపూట నడుం వాల్చడమే తప్పన్నట్టు చూస్తారు. ఆ పది నిమిషాలు మీ వైద్యంలో భాగమని ఇంట్లో గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. యోగా మొదలుపెట్టాక బీపీ తగ్గింది. మాత్ర మానేసి కపాలభాతి, శీర్షాసనం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ అంతట మీరు మాత్ర మానకండి. ఇప్పుడు బీపీ తగ్గడంలో ఆ మాత్ర పాత్ర కూడా ఉంది. ఇంట్లో రోజూ ఒకే వేళకు బీపీ చూసుకుని, రాసిపెట్టుకుని డాక్టరుగారికి చూపించండి. మోతాదు తగ్గించాలో వద్దో ఆయనే చెబుతారు. బీపీ అదుపులో లేనివారికి శీర్షాసనం, వేగంగా చేసే కపాలభాతి, ఊపిరి బిగబట్టే కుంభకం మంచివి కావు. గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవారు తలకిందుల ఆసనాల జోలికే వెళ్లకూడదు. నడక, తేలికపాటి ఆసనాలు, నెమ్మదిగా చేసే నాడీశోధన ప్రాణాయామం, చివర శవాసనం మీకు సరిపోతాయి. వీటిని రోజూ తప్పకుండా చేయండి. యోగాలో ఫలితం ఆసనం ఎంత కష్టమైనదన్న దాన్నిబట్టి రాదు, క్రమం తప్పకుండా చేస్తేనే వస్తుంది.