శత్రువుని కొట్టమన్నారా, ప్రేమించమన్నారా?

మాది హిందూపురం దగ్గర పల్లె. బోరు నీళ్ల వాటా గురించి మా నాన్నకీ చిన్నాయనకీ నాలుగేళ్లుగా కేసు నడుస్తోంది. వాయిదా రోజు ఇద్దరూ ఒకే బస్సులో పెనుకొండకి పోతారు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. మాటల్లేవు. మొన్న సెలవులకి ఇంటికి పోయినప్పుడు చిన్నాయన కూతురి పెళ్లి పత్రిక వచ్చింది. పెళ్లి ధర్మవరంలో.

"గీతలో కృష్ణుడే యుద్ధం చెయ్యమన్నాడు. నేనెందుకు తగ్గల్ల?" అన్నాడు నాన్న. "శత్రువునీ మిత్రుణ్ణీ ఒకేలాగా చూడమన్నదీ ఆ గీతే కద నాయనా" అంది అవ్వ. ఇద్దరూ ఆమె కొడుకులే మరి.

ఎవరు కరెక్టో చూద్దామని పుస్తకం తీశాను. ఇద్దరూ కరెక్టే! 11వ అధ్యాయం 34వ శ్లోకంలో ద్రోణుణ్ణీ భీష్ముణ్ణీ చంపు, దిగులు పడకు అంటాడు కృష్ణుడు. పేజీలు తిప్పగానే, 12వ అధ్యాయం 13వ శ్లోకంలో, ఏ ప్రాణినీ ద్వేషించనివాడే నాకు ఇష్టుడంటాడు. 18లో అవ్వ చెప్పిన మాట ఉంది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

నాకు దొరికిన తాళంచెవి 3వ అధ్యాయం 30వ శ్లోకం. అక్కడ యుద్ధం చెయ్యమంటూనే 'విగతజ్వరః' అన్న మాట వాడాడు. అంటే జ్వరం వదిలినవాడివై చెయ్యి అని. ఒక మాట చేతికి చెప్పింది, ఇంకో మాట మనసుకి చెప్పింది. చెయ్యాల్సిన పని మానొద్దు, కానీ కోపంతో కాలిపోతూ చెయ్యొద్దు. వాల్మీకి రామాయణంలో రాముడు చేసింది ఇదే. రావణుణ్ణి చంపేదాకా యుద్ధం ఆపలేదు. చనిపోయాక మాత్రం, చావుతో పగ తీరిపోయింది, అంత్యక్రియలు చెయ్యి అని విభీషణుడికి తనే చెప్పాడు.

ఇక్కడ ఒక డౌటు వస్తుంది. "నాకు ద్వేషం లేదు, న్యాయం కోసమే" అని ఎవరైనా అనొచ్చు కదా? దీనికి పరీక్ష ఏది? ధర్మవరం ఫ్రెండు బైబిల్లో చూపించాడు. నిర్గమకాండము 23వ అధ్యాయంలో, నీ శత్రువు గాడిద తప్పిపోయి కనిపిస్తే తోలుకెళ్లి అప్పజెప్పు అని ఉంది. తగాదా తెగిందా లేదా అన్న ప్రశ్నే లేదు. మత్తయి 5:44లో యేసు ఇంకా ముందుకు పోయి, శత్రువుని ప్రేమించమనే అన్నాడు. పెనుకొండ ఫ్రెండు ఖురాన్లో రెండు చోట్లు చెప్పాడు. 2:190లో మీతో పోరాడేవాళ్లతో పోరాడండి, కానీ హద్దు మీరొద్దు అని ఉంది. 41:34లో చెడుకి మంచితో బదులిస్తే పగవాడు కూడా ఆప్తుడైపోతాడని ఉంది.

నాకు అర్థమైంది ఇదీ: తగాదా ఎంతవరకో అంతవరకే ఉండాలి. దాని బయట అవతలివాడికి మనం ఏం చేస్తామో చూస్తే మనకి జ్వరముందో లేదో తెలిసిపోతుంది.

ఇదంతా నాన్నకి చెప్పాను. "కేసు వదులుకోమని ఎవరూ అనడం లేదు నాన్నా. నీళ్ల వాటా నీళ్ల వాటానే. ఆ పిల్ల మన బోరు అడగలేదు కదా" అన్నాను. నాన్న ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి పెళ్లి పత్రిక ఆయన చొక్కా జేబులో ఉంది. వాయిదా కాగితం పక్కనే.