ఎస్కరి నుంచి లూకియో దాకా రెండు భాషల బడి

ఫిన్లాండ్‌లో ఇంగ్లిష్, ఫిన్నిష్ కలిపి చెప్పే బడికి పునాది చట్టంలో ఉంది. బోధన ఫిన్నిష్‌లోనో స్వీడిష్‌లోనో సాగాలని 1998 నాటి ప్రాథమిక విద్యా చట్టం చెబుతుంది. కొంత భాగం వేరే భాషలో చెప్పుకోవచ్చు. పిల్లలు పాఠం అందుకోవడానికి మాత్రం అది అడ్డు కాకూడదు. 2014 పాఠ్యప్రణాళిక దీనికి ఒక గీత కూడా గీసింది: పాఠాల్లో కనీసం 25 శాతం రెండో భాషలో జరిగితేనే అది విస్తృత ద్విభాషా బోధన. 1945లో క్యాథలిక్ సిస్టర్లు హెల్సింకిలో మొదలుపెట్టిన ఇంగ్లిష్ స్కూల్‌లో ప్రీస్కూలు నుంచి లూకియో వరకు, అంటే మన ఇంటర్ స్థాయి దాకా, ఈ దారంతా ఒకే బడిలో నడవొచ్చు.

మొదటి మెట్టు ఆరేళ్ల వయసులో ఎస్కరి, అంటే ప్రీస్కూలు. ఇక్కడ ఒక మనిషి ఒకే భాష మాట్లాడాలి. ఇంగ్లిష్ టీచరు చలికోటు తొడిగించేటప్పుడూ, చేతి తొడుగులు వెతికేటప్పుడూ, మంచులో ఆడించేటప్పుడూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతుంది. రోజూ అదే పని, అవే మాటలు, అవే సైగలు. పిల్లవాడు ఫిన్నిష్‌లో బదులిస్తే దిద్దదు, తాను మళ్లీ ఇంగ్లిష్‌లో అందుకుంటుంది. అర్థం కావడం ముందు, మాట్లాడటం తర్వాత.

ఏడేళ్లకు ఒకటో తరగతి. చాలా ఊళ్లలో ద్విభాషా తరగతికి ముందుగా చిన్న పరీక్ష పెడతారు. ఆ తర్వాత వచ్చే చదవడం నేర్పే దశ దగ్గర తొందర పడకూడదు. చదవడం ముందు ఫిన్నిష్‌లోనే నేర్పాలి. ఫిన్నిష్‌లో రాసింది రాసినట్టే పలుకుతుంది, మన తెలుగులాగే. అక్షరం, శబ్దం కలిసే కిటుకు పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. ఆ ధైర్యం వచ్చాకే ఇంగ్లిష్ స్పెల్లింగు ముందు కూర్చోబెట్టాలి. అప్పటిదాకా ఇంగ్లిష్ చెవికీ నోటికీ చాలు. రెండు స్పెల్లింగు పద్ధతులూ ఒకేసారి మోపితే నష్టపోయేది ఇంట్లో చదివించే తోడు లేని పిల్లలే. అందుకే ఈ క్రమాన్ని ఎవరూ మార్చకూడదని గట్టిగా నమ్ముతాను.

తర్వాత పాఠాల పంపకం. మాతృభాషా సాహిత్యం ఫిన్నిష్‌లోనే ఉంటుంది. పరిసరాల విజ్ఞానం, సంగీతం, బొమ్మలు, ఆటలు ఇంగ్లిష్‌కు బాగా ఒదుగుతాయి, ఎందుకంటే వాటిలో చేతిపని ఉంది, కంటికి కనిపించే వస్తువుంది. ఫిన్లాండ్ పాఠ్యక్రమానికి సరిపడే ఇంగ్లిష్ పుస్తకాలు తక్కువ కాబట్టి చాలా పాఠాలు టీచర్లే తయారుచేసుకుంటారు. ప్రతి పాఠంలో ముఖ్యమైన మాటలు రెండు భాషల్లోనూ రావాలి. ఆక్సిజన్‌ను ఫిన్నిష్‌లో హప్పి అంటారు. ఒకటి తెలిస్తే రెండోది దానంతట అది రాదు.

హెల్సింకి పక్కనున్న ఎస్పోలో ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలకు ఇంకో మెట్టు అదనం. ఇంట్లో ఫిన్నిష్ లేదు కాబట్టి వాళ్లు దాన్ని రెండో భాషగా చదువుకోవచ్చు. అప్పుడు తెలుగు మూడో భాషగా వెనకబడకుండా చూడాల్సింది ప్రధానంగా ఇల్లే.

చివరిది లూకియో. 1852 నుంచి ఉన్న మెట్రిక్యులేషన్ పరీక్షలో ఇప్పుడు కనీసం ఐదు పరీక్షలు రాయాలి, అన్నీ కంప్యూటర్ మీదే. భాషా పరీక్షలు పోగా మిగతావి ఇంతకాలం ఫిన్నిష్‌లోనో స్వీడిష్‌లోనో జరుగుతూ వచ్చాయి. జీవశాస్త్రం ఇంగ్లిష్‌లో విన్న పిల్ల జవాబు ఫిన్నిష్‌లో రాయాల్సి వస్తుంది. కాబట్టి లూకియో మొదటి ఏడాది నుంచే, ఇంగ్లిష్‌లో విన్న పాఠానికి ఫిన్నిష్‌లో పేరాలు రాయించి, వాటిని సబ్జెక్టు టీచరూ ఫిన్నిష్ టీచరూ కలిసి దిద్దాలి.