బడి కంప్యూటరుకు కాపలా



2008లో శంషాబాదులో విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి మహేశ్వరం, తుక్కుగూడ ప్రాంతాల రూపురేఖలు మారిపోయాయి. బడిలో పిల్లలను చేర్చేటప్పుడు 'కంప్యూటరు గది ఉందా?' అని అడిగే తల్లిదండ్రులు ఎందరో. ఆ గదిలోకి ఇంటర్నెట్‌తో పాటు చూడరాని బొమ్మలు, జూదపు ఆటలు, మోసగాళ్ల వలలు కూడా రాగలవు. బడి వాటిని ఎలా ఆపుతుంది? ఎంతవరకు ఆపగలదు? ఇదే ఈ వారం మన పాఠం.

ప్రాక్సీ అంటే ఏమిటి?

ప్రాక్సీ అంటే మరొకరి తరఫున పనిచేసేది. విద్యార్థి ఒక పేజీ కోరితే ఆ కోరిక మొదట ప్రాక్సీ అనే కంప్యూటరుకు చేరుతుంది. అది నిషేధ జాబితాతో సరిచూసి, తగినదైతే తానే తెచ్చి ఇస్తుంది, తగనిదైతే నిరాకరిస్తుంది. 1996 నుండి వాడుకలో ఉన్న 'స్క్విడ్' అనే ప్రోగ్రాం ఈ పనిని ఉచితంగా చేస్తుంది. ఫ్రాన్సులోని టూలూజ్ విశ్వవిద్యాలయం వంటివి ఇటువంటి జాబితాలను రకాల వారీగా తయారుచేసి అందరికీ అందిస్తున్నాయి.

ఏర్పాటు చేసేవారు గమనించవలసినవి

మొదటిది, దొడ్డిదారి మూయాలి. రౌటరులో నేరుగా బయటికి పోయే దారి తెరిచి ఉంటే, ఎనిమిదవ తరగతి కుర్రవాడు సెట్టింగు మార్చి తప్పించుకుంటాడు. ప్రాక్సీకి తప్ప మరే కంప్యూటరుకూ బయటి దారి ఉండరాదు.

రెండవది, ప్రాక్సీ చూపుకు హద్దు ఉంది. నేడు వెబ్‌సైట్లలో అధికభాగం 'హెచ్‌టీటీపీఎస్' పద్ధతిలో, అంటించిన కవరులా వస్తాయి. కాపలాదారుకు పైనున్న చిరునామా కనిపిస్తుంది గాని లోపలి ఉత్తరం కనిపించదు. కనుక యూట్యూబ్‌ను మొత్తంగా ఆపవచ్చు. అందులో మంచి పాఠాన్ని ఉంచి చెడు వీడియోను ఆపడం జాబితా వల్ల కాదు. అందుకు గూగుల్ 'సేఫ్ సెర్చ్'నూ, యూట్యూబ్ 'రిస్ట్రిక్టెడ్ మోడ్'నూ నెట్‌వర్క్ అంతటికీ తప్పనిసరి చేయాలి. కంప్యూటర్లలో బడి సొంత సర్టిఫికెట్ ఉంచి కవరు విప్పే పద్ధతి కూడా ఉంది. అప్పుడు ఉపాధ్యాయురాలి బ్యాంకు పాస్‌వర్డు సైతం విప్పిన కవరే! ఎవరికీ చెప్పకుండా ఆ పని చేయడం న్యాయం కాదు.

మూడవది, కేవలం మాటలను బట్టి ఆపరాదు. 1996లో ఇంగ్లండులోని స్కన్‌థోర్ప్ పట్టణవాసులు ఏఓఎల్ సంస్థలో ఖాతా తెరవలేకపోయారు. కారణం, ఆ ఊరి పేరులోని కొన్ని అక్షరాలు ఒక బూతుమాటతో కలిశాయి. మన బడిలోనూ పునరుత్పత్తి పాఠం చదివే విద్యార్థికి అదే ఆటంకం రావచ్చు. తనకు జరిగిన అన్యాయం ఎవరికి చెప్పుకోవాలో వెదికే ఆడపిల్లకు కూడా 'నిషేధం' అన్న మాటే ఎదురైతే, మనం కాపాడినది ఎవరిని? అందుచేత నిరాకరించే పేజీ మీద రెండు విషయాలు ఉండాలి: పొరపాటున ఆగినదాన్ని తెరిపించే ఉపాధ్యాయుని పేరు, పిల్లల సహాయ నంబరు 1098.

చట్టం, బాధ్యత

పాఠశాలలకు ఇచ్చే కొన్ని నిధులకు వడపోతను షరతుగా పెడుతూ అమెరికా 2000లో చట్టం చేసింది. మన దేశంలో సీబీఎస్‌ఈ 2017 ఆగస్టులో తన పాఠశాలలకు ఇటువంటి సూచనలే ఇచ్చింది. పిల్లలు వాడే కంప్యూటర్లలో, వీలున్నంతవరకు, వడపోత ఉండేలా తల్లిదండ్రులు చూడాలని 2002లో వెలువడిన 'శ్రీసభ – ఇంటర్నెట్' అనే వాటికన్ పత్రం కోరింది. ఆ మాట చెప్పినది తల్లిదండ్రులకని గమనించండి.

ఎందుకంటే సాయంత్రం పిల్లవాడి చేతిలోని సెల్‌ఫోను సొంత డేటాతో నడుస్తుంది. బడి ప్రాక్సీ దానిని చూడనే చూడదు. ఇంటి రౌటరులో డీఎన్‌ఎస్ చిరునామాగా 1.1.1.3 ఉంచితే అశ్లీల సైట్లు చాలావరకు ఆగుతాయి. ఇది ఉచితం. కాని ఆ ఫోను రౌటరును వదిలి డేటాకు మారగానే ఈ కాపలా కూడా ఉండదు.

ఆపడం వేరు, ఎంచుకోవడం నేర్పడం వేరు. మొదటిది యంత్రం చేస్తుంది. రెండవది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పిల్లల పక్కన కూర్చుని చేయవలసిన పని.

ఇంట్లో మాట్లాడుకోండి

1. మన పిల్లల బడిలో ఏది ఆపుతున్నారు, ఎవరు నిర్ణయిస్తున్నారు?

2. చెడ్డది కంటపడితే భయపడకుండా మనతో చెప్పగల చనువు మన పిల్లలకు ఉందా?

3. పిల్లలకు పెట్టిన నియమం పెద్దల ఫోనుకు కూడా వర్తిస్తుందా?