ఫోన్‌ తెర మీద నరం

జంతుశాస్త్రం తరగతుల్లో కోతలు, జంతువులపై ప్రయోగాలు ఆపాలని యూజీసీ 2014లో ఆదేశించింది. మంచి నిర్ణయం. అయితే కప్ప తుంటినరం మీద ఎలక్ట్రోడ్ పెట్టి సంకేతాన్ని వెతికే అనుభవమూ దాంతోనే పోయింది. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో అమృత విశ్వవిద్యాపీఠం పెట్టిన న్యూరోఫిజియాలజీ ప్రయోగాలు ఆ లోటును కొంత తీరుస్తున్నాయి. అలాంటి ప్రయోగమే చేయించే ఒక వెబ్ పేజీని, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి అనంతపురం వచ్చి డిగ్రీ చదివే పిల్లల మామూలు ఫోన్లలో నడిచేలా కట్టవచ్చు. 1946లో పుట్టిన మన అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులకు ఇది తగిన ప్రాజెక్టు.

మొదట నరాన్ని కట్టాలి. స్క్విడ్ అనే సముద్రజీవి నరతంతువుపై హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ప్రకటించిన సమీకరణాలు తీసుకోండి. తంతువును అర మిల్లీమీటరు ముక్కలుగా విడదీసి, విశ్రాంతి వోల్టేజీ మైనస్ 65 మిల్లీవోల్టుల దగ్గర మొదలుపెట్టండి. ఇంప్లిసిట్ పద్ధతిలోనే లెక్కించండి. మామూలు ఆయిలర్ పద్ధతిలో కాలవిరామం కాస్త పెరిగినా అంకెలు అదుపు తప్పుతాయి. లెక్కంతా బ్రౌజర్‌లో వెనక నడిచే వెబ్ వర్కర్‌కు అప్పగిస్తే తెర బిగుసుకుపోదు.

ఇప్పుడు పరీక్ష. ఆ శాస్త్రవేత్తలు 18.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర సంకేతం సెకనుకు 18.8 మీటర్ల వేగంతో పోతుందని చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద తేల్చారు. అసలు తంతువు మీద కొలిచి చూస్తే 21.2 వచ్చింది. తంతువుకు అదే మందం, అదే ఉష్ణోగ్రత ఇచ్చినా మీ కోడ్ 18.8 దరిదాపులకు రాకపోతే ముందుకు వెళ్లకండి.

తర్వాత ఎలక్ట్రోడ్. ఒక్కో ముక్క పొర గుండా పోయే కరెంటును, ఎలక్ట్రోడ్‌కు దాని దూరంతో, చుట్టూ ఉన్న ద్రవపు వాహకతతో భాగించి, మళ్లీ 4πతో భాగించి అన్నీ కూడాలి. లోపల 100 మిల్లీవోల్టుల దాకా లేచే అల బయట అందులో చిన్న వంతుగానే కనిపిస్తుంది.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇంటర్‌ఫేస్ మీద. ఎలక్ట్రోడ్‌ను వేలితో జరపనివ్వండి. గ్రాఫ్ నిలువు కొలత దానంతటదే మారకూడదు. మారితే దూరం పెరిగినా అల అంతే ఎత్తున కనిపించి, నేర్పాల్సిన పాఠమే మాయమవుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు మోత, సన్నని రొద మొదటినుంచీ ఉండాలి. వాటిని తగ్గించే ఫిల్టర్ మీట విద్యార్థి చేతిలో ఉండాలి. ఫిల్టర్ బిగించేకొద్దీ అల ఆకారం చెడటమూ కనిపించాలి. రెండో ఎలక్ట్రోడ్ ఇచ్చి, వేగం మాత్రం చూపించకండి. రెండు అలల మధ్య కాలం, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం చూసి విద్యార్థులే లెక్క కట్టుకోవాలి.

చివరగా సర్వీస్ వర్కర్ చేర్చండి. ఒకసారి తెరిచిన పేజీ సిగ్నల్ లేని ఊళ్లోనూ పనిచేస్తుంది. మీటల పేర్లు తెలుగులో పెట్టండి. కోడ్ అందరికీ తెరిచి ఉంచండి. ముందుగా ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడికో, అధ్యాపకురాలికో చూపించి, వాళ్లు సరేనన్నాకే పిల్లల చేతికివ్వండి.