ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టని రాత్రి: మన ఇంట్లో పెద్దవాళ్ల నిద్ర గురించి ఒక పాఠం

విదురనీతి వీడియోలో టైం సరిపోక వదిలేసిన ఒక విషయాన్ని ఈ పోస్టులో వివరంగా చూద్దాం.

విదురనీతి ఎందుకు పుట్టిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక పెద్దాయనకి రాత్రి నిద్ర పట్టకపోవడం వల్ల! మహాభారతం ఉద్యోగపర్వంలో ఈ భాగం పేరే ప్రజాగర పర్వం. ప్రజాగరం అంటే నిద్ర లేకుండా మేలుకుని ఉండిపోవడం. పాండవుల దగ్గరికి వెళ్లిన సంజయుడు తిరిగొచ్చి, ధృతరాష్ట్రుడిని గట్టిగా నాలుగు మాటలు అని, ధర్మరాజు చెప్పి పంపిన మాట రేపు సభలో చెప్తానని వెళ్లిపోతాడు. ఇక ఆ ముసలి రాజుకి మంచం మీద కుదురుండదు. ఒళ్లు కాలిపోతున్నట్టుంది, నిద్ర రావట్లేదు అని విదురుడిని పిలిపిస్తాడు.

విదురుడు మొదట ఏం చేశాడో గమనించండి. నీతులు చెప్పలేదు, ప్రశ్న అడిగాడు. బలవంతుడితో తగవు పెట్టుకున్న బలహీనుడికి, ఉన్న సొత్తు పోగొట్టుకున్నవాడికి, కామంతో రగిలేవాడికి, దొంగకి నిద్ర పట్టదంటారు. వీటిలో నీకేదైనా తగిలిందా? పరుల సొమ్ము మీద ఆశతో బాధపడుతున్నావా? అసలు కారణం అందులోనే ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాతే ఎనిమిది అధ్యాయాల విదురనీతి. తర్వాత సనత్సుజాతుడి బోధ. అలా తెల్లారింది.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. అమ్మో, నాన్నో, తాతగారో "రాత్రి సరిగా నిద్ర పట్టట్లేదు" అంటే మన దగ్గర రెండే జవాబులు రెడీగా ఉంటాయి. ఒకటి, "వయసొచ్చింది కదా, అంతే". రెండు, "ఒక మాత్ర వేసుకోండి". విదురుడు ఈ రెండూ అనలేదు. కారణం అడిగాడు. ఈ రోజు పాఠం అదే.

వయసుతో నిజంగా ఏం మారుతుంది?

మన నిద్రని రెండు వ్యవస్థలు కలిసి నడుపుతాయి. మొదటిది అప్పు ఖాతా లాంటిది. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటే అప్పు తీరుతుంది. కాఫీ చేసేది ఈ అడెనోసిన్ పనిని అడ్డుకోవడమే. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే ఏమవుతుంది? అప్పు సగం అప్పుడే తీరిపోతుంది, రాత్రికి మిగలదు.

రెండోది గడియారం. మెదడులో హైపోథాలమస్ దగ్గర ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. కంటి నుంచి వచ్చే వెలుతురుని బట్టి అది రోజూ టైం సరిచేసుకుంటుంది. మన సర్వర్లు టైం సింక్ చేసుకుంటాయి కదా, అలాగే అనుకోండి. కణాల్లో ఈ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

వయసు పెరిగేకొద్దీ ఈ రెండింటిలోనూ మార్పు వస్తుంది. గడియారం కాస్త ముందుకు జరుగుతుంది. రాత్రి 8 గంటలకే కళ్లు మూతలు పడతాయి, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వస్తుంది. గాఢనిద్ర తగ్గుతుంది, అందుకే గిన్నె చప్పుడైనా లేచి కూర్చుంటారు. కంటి కటకం పసుపుబారడం, శుక్లాలు రావడం వల్ల లోపలికి చేరే వెలుతురు తగ్గుతుంది. పైగా రోజంతా ఫ్లాట్‌లోనే ఉంటే గడియారానికి సింక్ సిగ్నలే సరిగా అందదు.

కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నిద్ర పలచబడుతుంది కానీ దాని అవసరం పెద్దగా తగ్గదు. అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం 18 నుంచి 64 ఏళ్ల వాళ్లకి 7 నుంచి 9 గంటలు, 65 దాటినవాళ్లకి 7 నుంచి 8 గంటలు నిద్ర కావాలి. "పెద్దవాళ్లకి నాలుగు గంటలు చాలు" అనేది మనం సులువుగా అనేసే మాట మాత్రమే.

బ్రాహ్మీ ముహూర్తం లెక్క

"మా తాతగారు రాత్రి ఒంటిగంటన్నరకే లేచి కూర్చుంటారు, బ్రాహ్మీ ముహూర్తంలో లేవడం మంచిదే కదా" అని కొందరు గర్వంగా చెప్తుంటారు. లెక్క వేద్దాం.

ముహూర్తం అంటే 48 నిమిషాలు, అంటే రెండు ఘడియలు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు, అంటే 96 నిమిషాల ముందు బ్రాహ్మీ ముహూర్తం మొదలై 48 నిమిషాలు ఉంటుంది. హైదరాబాద్‌లో సూర్యోదయం జూన్ మొదట్లో దాదాపు 5:40కి, జనవరి చివర్లో దాదాపు 6:50కి. అంటే ఏ కాలంలో చూసినా 4 గంటల ముందు బ్రాహ్మీ ముహూర్తం రాదు. 9 గంటలకి పడుకుని 4:30కి హాయిగా లేచేవారిది సాధన. ఒంటిగంటన్నరకి మెలకువ వచ్చి, మళ్లీ పట్టక, పగలంతా కూర్చున్నచోటే తూగేవారిది బాధ. రెండో దానికి మొదటి దాని పేరు పెట్టేస్తే వాళ్ల కష్టం మనకి కనబడకుండా పోతుంది.

మన శాస్త్రాలు నిద్రని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. చరక సంహిత ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం ఈ మూడింటినీ శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలు అంటుంది. పగటి నిద్ర ఎవరెవరికి ఫరవాలేదో చెప్పేచోట వృద్ధుల్ని కూడా చేర్చింది. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదనే చెప్తాడు. ఆ మాట వింటున్న అర్జునుడికి గుడాకేశుడు, అంటే నిద్రని జయించినవాడు అని పేరుండటం ఇంకా విశేషం!

విదురుడిలా అడగడం ఎలా?

మా అమ్మమ్మకి 74 ఏళ్లు, రాజమండ్రిలో ఉంటారు. తాతయ్య పోయాక ఆవిడ నిద్ర పూర్తిగా చెడిపోయింది. సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. ఎన్నిసార్లు లేస్తున్నావు? నాలుగుసార్లు. ఎందుకు? బాత్‌రూమ్‌కి. ఏ మందు ఎప్పుడు వేసుకుంటున్నావు? బీపీకి ఇచ్చిన, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర సాయంత్రం పూట. డాక్టర్‌గారికి ఇది చెప్తే ఆయన ఆ మాత్రని పొద్దుటికి మార్చారు. నాలుగుసార్లు కాస్తా రెండయ్యింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. లేచాక మళ్లీ ఎందుకు పట్టట్లేదు? కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "యాభై ఏళ్లు మీ తాతయ్య గురకకి తిట్టుకుంటూ పడుకున్నానురా. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే గది మింగేసేలా ఉంది" అన్నారు. దీనికి ఏ డాక్టరూ టైం మార్చలేరు. ఇప్పుడు మా పిన్ని ఆ గదిలోనే ఇంకో మంచం వేసుకుని పడుకుంటోంది. అమ్మమ్మకి ఇప్పటికీ రాత్రి మెలకువ వస్తుంది. కానీ రాత్రంటే భయం తగ్గింది.

మీరు అడగాల్సినవి ఇవి: 
– ఎన్నిసార్లు లేస్తున్నారు, దేనికి? 
– మోకాళ్ల నొప్పా, గుండెల్లో మంటా, కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నారా? 
– గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడుతున్నారా? అది స్లీప్ ఆప్నియా కావచ్చు, తప్పకుండా డాక్టర్‌కి చూపించాలి. 
– ఏ మందులు, ఏ టైంకి వేసుకుంటున్నారు? 
– మనసులో ఏముంది? 

చివరి ప్రశ్న ఫోన్‌లో అడగొద్దు. పక్కన కూర్చుని అడగండి.

ఇంట్లో చేయగలిగినవి

1. పొద్దున్నే ఎండ: లేచిన గంటలోపు కనీసం అరగంట బయట వెలుతురులో ఉండేలా చూడండి. తులసికోట దగ్గర పూజ, గుడికి నడక, బాల్కనీలో విష్ణు సహస్రనామం, ఏదైనా సరే. మరీ తొందరగా నిద్ర ముంచుకొచ్చేవాళ్లకి సాయంత్రం వెలుతురు కూడా మేలు చేస్తుంది. సంధ్యా దీపం పెట్టే వేళకి ఇల్లంతా కాంతిగా ఉండనివ్వండి.

2. లేచే టైం ఒక్కటే: రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే టైం మారకూడదు. గడియారానికి అదే మేకు.

3. కునుకు చిన్నది: మధ్యాహ్నం 3 లోపు, 20 నుంచి 30 నిమిషాలు చాలు. ప్రవచనం చూస్తూ సోఫాలో 7 గంటలకి తూగే కునుకే రాత్రి నిద్రని ఎక్కువగా తినేస్తుంది. ఆ టైంలో నలుగురూ కూర్చుని మాట్లాడండి.

4. కాఫీ మధ్యాహ్నం దాకే: తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటల ఫిల్టర్ కాఫీ రాత్రి 10కి కూడా సగం పనిచేస్తూనే ఉంటుందన్నమాట.

5. మంచం నిద్రకే: సుమారు 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి కుర్చీలో కూర్చోవాలి, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోవాలి. గడియారం చూడకూడదు. జపమాల ఉపయోగపడేది ఇక్కడే. చిన్న దీపపు కాంతిలో నామం చెప్పుకోవడం ఆ సమయానికి చక్కగా సరిపోతుంది. కాకపోతే జపాన్ని నిద్రమాత్రలా వాడొద్దు. "108 అయ్యేసరికి నిద్ర రావాలి" అని టార్గెట్ పెట్టుకుంటే అదే కొత్త టెన్షన్. నిద్ర వస్తే సరే, రాకపోతే ఆ సమయం స్వామిదే.

6. దారి: మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న నైట్ లైట్, గోడకి పట్టుకునే రాడ్, జారని చాప. ఈ వయసులో అర్ధరాత్రి ఒక్కసారి పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఈ వారం ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి.

మాత్రల సంగతి

అల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటి మాత్రలు పెద్దవాళ్లలో తూలిపడటం, మతిమరుపు, అయోమయం పెంచుతాయి. అందుకే అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ పెద్దవాళ్లు వాడకుండా ఉంటే మంచిదని చెప్పే మందుల జాబితాలో ఇవీ ఉన్నాయి. అలాగని ఏళ్లుగా వేసుకుంటున్నదాన్ని మీరే ఒక్కసారిగా ఆపించేయకండి, అది ఇంకా ప్రమాదం. డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. దీర్ఘకాలం నిద్ర పట్టని పెద్దలకి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు, నిద్రకి సంబంధించిన ప్రవర్తనా చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. పైన చెప్పిన మంచం నియమం, ఒకే టైంకి లేవడం ఆ చికిత్సలో భాగాలే.

మన వంతు

చివరిగా మన గురించి. అమెరికా కాల్స్ రాత్రి 11:30కి హాల్లో మాట్లాడేది మనమే. అర్ధరాత్రి ఫుడ్ డెలివరీ బెల్ మోగించేది మన ఆర్డరే. వాళ్ల గాఢనిద్రంతా ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే ఉంటుంది. 9కి పడుకున్నవాళ్లకి మన ఆఫీసు టైమే ఆ గాఢనిద్ర టైం. తలుపు వేసుకుని హెడ్‌సెట్‌తో మాట్లాడటం, బెల్ మోగించొద్దని డెలివరీ యాప్‌లో రాయడం కూడా పెద్దల సేవే.

విదురుడి మాటలు విన్నా ధృతరాష్ట్రుడు మారలేదు, యుద్ధం ఆగలేదు. కానీ ఆ రాత్రి ఆయన ఒంటరిగా మేలుకోలేదు. పిలవగానే తమ్ముడు వచ్చాడు, కారణం అడిగాడు, తెల్లారేదాకా పక్కనే ఉన్నాడు. మన ఇంట్లో పెద్దవాళ్లకి మనం ఇవ్వగలిగిందీ ముందు అదే.

ఈ ఆదివారం పొద్దున అరగంట వాళ్లతో ఎండలో కూర్చుని "రాత్రి ఎలా పడుకున్నారు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టుకోకండి. వచ్చే వారం సనత్సుజాతుడు ఆ రాజుకి మృత్యువు గురించి ఏం చెప్పాడో చూద్దాం.

శుభం భూయాత్.