తెల్లంచు టైర్ల సంగతి



డాలస్‌లో 1956 బెల్ ఎయిర్ కారు కొన్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను, బండి ముచ్చటగా ఉంది. టైర్ల తెల్లంచులే పసుపెక్కి ఉన్నాయి. వాటికి బ్లీచ్ కొడతానన్నావట. ఆ పని చెయ్యకు నాన్నా.

ఆ తెలుపు పైన వేసిన రంగు కాదు, రబ్బరే. టైరుకు నలుపూ బలమూ ఇచ్చే కార్బన్ బ్లాక్ బదులు అక్కడ టైటానియం డయాక్సైడ్ లాంటి తెల్లపొడి కలుపుతారు. పక్కనున్న నల్లరబ్బరులో పగుళ్ళు రాకుండా వేసిన రసాయనాలు ఏళ్ళ తరబడి ఈ పొరలోకి ఊరి పసుపు తెస్తాయి. మరక సగం లోపలిదే అన్నమాట. నిగనిగ కోసం పూసే పెట్రోలియం పూతలు దాన్ని ఇంకా పెంచుతాయి. బ్లీచ్ నాలుగు రోజులు తెల్లగా చూపించి, రబ్బరును ఎండబెట్టేస్తుంది.

బండిని నీడలో నిలిపి, టైర్లు చల్లారాక తడుపు. సబ్బు పట్టించిన సన్న స్టీల్ ఊల్ ప్యాడ్‌తో తెల్లభాగం మీదే, బలం పెట్టకుండా రుద్దు. నురగ ఎండకముందే ధారాళంగా కడుగు. ఉక్కు నలుసులు మిగిలితే మర్నాటికి తుప్పు చుక్కలు తేలతాయి. మొండి మరకకు 400 నంబరు వాటర్ పేపర్ తడిపి వాడొచ్చు. కానీ రుద్దిన ప్రతిసారీ ఆ పొర కాస్త అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. అందుకే తరచూ మెత్తగా కడుక్కోవడమే మేలు.

కొత్తవి కొనాల్సివస్తే వెడల్పాటి తెలుపే తీసుకో. సన్నగీత వాడుకలోకి వచ్చింది 1962 మోడళ్ళతో. నీ బండికి అది నప్పదు. పాత సైజులు చాటనూగాలోని కోకర్ టైర్ వాళ్ళ దగ్గర దొరుకుతాయి. తెలుపు మీద నీలిపూత ఉంటే కంగారుపడకు, అది రక్షణ కోసం వేసిందే. సబ్బునీళ్ళకు పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం టైరు వయసు. పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3218 అంటే 2018లో 32వ వారం. బయట కనబడకపోతే బండి కిందికి వంగి లోపలివైపు చూడు. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది. పాలలా మెరుస్తున్నా తీసెయ్యి. ఆ అంకెలు చూసేదాకా పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్ళకు. చూడగానే నాకు రాయి.

మీ పెదనాన్న